వేరేవాళ్ల బిల్లులు నా ఫోన్‌కు వస్తున్నాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా నల్లగొండలో ఇప్పుడు చిన్న షాపులో కూడా కాగితం బిల్లు ఇవ్వడం తగ్గించేశారు. "నంబర్ చెప్పండి, వాట్సాప్‌లో వస్తది" అంటున్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ నంబర్‌లో ఒక్క అంకె తప్పు కొడితే ఆ బిల్లు ఎవరికి పోతుందో పట్టించుకునే నాథుడు లేడు. కొన్నాళ్లుగా ముక్కూ మొహం తెలియని ఒకామె బిల్లులు నాకు వస్తున్నాయి. అవి ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌వి. ఆమె పేరు, వయసు, రాసిన డాక్టర్ పేరు, చేసిన టెస్టులు, కట్టిన డబ్బులు, కింద రిపోర్ట్ చూసుకోవడానికి లింక్, అన్నీ అందులోనే ఉన్నాయి. థైరాయిడ్, షుగర్‌తో పాటు ప్రెగ్నెన్సీ స్కానింగ్ కూడా ఉంది. ఇంట్లో వాళ్లకైనా చెప్పిందో లేదో తెలియని సంగతి నాకెందుకు తెలియాలి? ఆ లింక్ నేను తెరవలేదు, కానీ అందరూ అలా ఊరుకుంటారని ఏం నమ్మకం?

మెసేజ్ వచ్చిన నంబర్‌కు జవాబు పెడితే ఉలుకూ పలుకూ లేదు. సెంటర్‌కు ఫోన్ చేస్తే "మా సిస్టమ్‌లో ఆ నంబరే ఉంది మేడం, మార్చాలంటే దానికి ఓటీపీ వస్తది, చెప్పండి" అన్నారు. అంటే రేపు ఆమె వెళ్లి మార్చమని అడిగినా ఓటీపీ వచ్చేది నాకే!

ఇంకోసారి దేవరకొండ వైపు ఒక రైతు కొన్న బోరు మోటారు బిల్లు వచ్చింది. ఎండాకాలం నడిమధ్యలో మోటారు కాలిపోతే వారంటీకి ముందు అడిగేది ఆ బిల్లునే, అదేమో నా ఫోన్‌లో ఉంది.

కౌంటర్ దగ్గర గోలలో ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, ఒకరు ఇంగ్లీషులో నంబర్ చెప్తుంటారు, పెద్దవాళ్లకైతే సొంత నంబర్ గుర్తుండదు, కాబట్టి తప్పు పడటం సహజమే, కౌంటర్‌లో పనిచేసే పిల్లలను తిట్టి లాభం లేదు. పైగా ఆగిపోయిన నంబర్‌ను 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు, షాపుల్లో మాత్రం పాత పేరే ఉండిపోతుంది. తప్పును సరిచేసే దారి లేకపోవడమే నా బాధ. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో తప్పు వివరాలు సరిచేయించుకునే హక్కు రాశారు. ఆ హక్కు ఆమెది, ఆమెకేమో నంబర్ తప్పుందనే తెలియదు. తెలిసిన నాకు ఆ హక్కు లేదు.

షాపుల వాళ్లు ముందు వివరాలేమీ లేని ఒక మెసేజ్ పంపి, అది వచ్చిందా అని మనిషి ఎదురుగా ఉండగానే అడిగి, ఆ తర్వాతే బిల్లు పంపాలి. "ఈ నంబర్ నాది కాదు" అని జవాబిస్తే అక్కడితో ఆగిపోవాలి, ఓటీపీ అడగకూడదు. ఇక ల్యాబ్‌లు, ఆస్పత్రులు టెస్టుల పేర్లు మెసేజ్‌లో అసలు పెట్టకూడదు, ఇందులో మాత్రం సర్దుబాటు లేదు. నంబర్ ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే షాపులకు చెప్పింది. కాబట్టి కాగితం బిల్లు కావాలని అడగండి, "ఇవ్వం" అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

– ఒక పాఠకురాలు, నల్లగొండ