జార్జ్ టౌన్‌లోని మా సత్రాన్ని సిమెంటుతో చంపకండి

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కమిషనర్ గారికి,

అయ్యా, నమస్కారం. హార్బరుకు దగ్గర్లో, జార్జ్ టౌన్ సందులో ఒక పాత సత్రం ఉంది. మా తాతయ్య నెల్లూరు నుంచి సరుకు పనిమీద వచ్చినప్పుడల్లా దాని అరుగు మీదే పడుకునేవారు. మొన్న వెళ్తే గోడలకు సిమెంటు పూస్తున్నారు. గుండె ఆగినంత పనైంది.

ఆ కట్టడం ఈ తీరం కోసమే పుట్టింది. హార్బరు కట్టకముందు ఓడలు దూరంగానే లంగరు వేసేవి, మనుషులు మసూలా పడవల్లో అలలు దాటి ఒడ్డుకొచ్చేవారు. అలా తడిసొచ్చినవాళ్లకు నీడ కావాలి కదా. అందుకే వీధివైపు లోతైన అరుగు, లోపల వేడిగాలిని పైకి పంపే మండువా. మిద్దె అసలైన మద్రాస్ టెర్రస్: టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి గానుగ సున్నంతో బిగించారు. గోడలకు గుల్ల సున్నం. చేత్తో తడిమితే ఇప్పటికీ చల్లగా, నున్నగా ఉంటుంది.

సున్నం గోడలోని తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. ఉప్పుగాలి తగిలే చోట ఆ తేమ, ఉప్పు లోపలే చిక్కుకుని పాత ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. పైకి కొత్తగా కనిపిస్తుంది, అంతే.

దయచేసి ఆ పని వెంటనే ఆపించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీలతో బాగు చేయించండి. తమిళనాడులో 2012లోనే హెరిటేజ్ కమిషన్ చట్టం చేశారు. ఈ సత్రాన్ని రక్షిత కట్టడాల్లో చేర్చమని మీరే సిఫారసు చేయండి.

ఇట్లు,
జార్జ్ టౌన్ తెలుగువాడు