చిన్న సైజు పారాచూట్ అడుగుతున్న మా కస్టమర్లకు

ఈ నెల నుంచి మా షాపులో ఒక పద్ధతి మారుతోంది. ఇప్పుడు వాడుతున్న మెయిన్ పారాచూట్ (ప్రతి జంపులో తెరిచేది) కంటే చిన్నది కావాలని ఎవరు అడిగినా, ముందు జంపులు రాసుకునే లాగ్‌బుక్కు, ఈ మధ్య చేసిన ల్యాండింగుల వీడియోలు పంపాలి. ఒకేసారి రెండు సైజులు తగ్గే ఆర్డర్లు ఇక తీసుకోం. మొత్తం డబ్బు ముందే కడతామన్నా తీసుకోం. ఫోన్లో ఈ మాట చెబితే ఒకరిద్దరు అలిగారు. అందరికీ విడివిడిగా చెప్పి మాట పడేకంటే ఒకేసారి రాసేయడం మేలనిపించింది.

మా గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మాది నెల్లూరు మినీ బైపాస్ పక్కన చిన్న షాపు. స్కైడైవింగ్ చేసేవాళ్లకు జంప్‌సూట్లు కుడతాం, పారాచూట్ల లైన్లు (తాళ్లు) కొలుస్తాం, సెకండ్ హ్యాండ్ మెయిన్లు ఇప్పిస్తాం, కొత్తవి తెప్పిస్తాం. రిజర్వ్ (మెయిన్ పనిచేయనప్పుడు వాడే రెండో పారాచూట్) మడతపెట్టే పని మాది కాదు, దానికి లైసెన్సున్న రిగ్గర్ దగ్గరికే వెళ్లాలి. (బోర్డు చూసి "శ్రీహరికోటకు సప్లై మీరేనా?" అని లోపలికి వచ్చేవాళ్లూ ఉన్నారు. కాదండీ, గగన్‌యాన్ పారాచూట్లు తయారుచేసింది ఆగ్రాలోని డీఆర్‌డీవో ల్యాబు.)

దాపరికం ఎందుకు, మాకు నాలుగు రాళ్లు మిగిలేది సైజు మార్చేవాళ్ల దగ్గరే. పాతది మేమే అమ్మిపెడతాం, చిన్నది మేమే ఇప్పిస్తాం, రెండు వైపులా కమీషన్. సూట్ల మీద వచ్చేది కుట్టేవాళ్ల జీతాలకు సరిపోతుంది. ఈ కొత్త పద్ధతితో గల్లాపెట్టెకు దెబ్బ ఖాయం. అందుకే సూట్ల కుట్టుకూలి కొంచెం పెంచుతున్నాం.

ఇక అసలు సంగతి. "వంద జంపులు దాటాయన్నా, ఇంకా ఈ 190 ఏంది, బస్సు తోలినట్టుంది" అనే ఫోన్లు మాకు మామూలే. 190 అంటే చదరపు అడుగుల్లో పారాచూట్ విస్తీర్ణం. మనిషి బరువుకు సామాను బరువు కలిపి, పౌండ్లలోకి మార్చి, ఈ విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేదే వింగ్ లోడింగ్. 75 కేజీల మనిషి, 12 కేజీల సామాను అనుకుంటే మొత్తం 192 పౌండ్లు. 190 మీద లోడింగ్ ఒకటి, 170 మీద 1.13, 150 మీద 1.28. కాగితం మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. 190 నుంచి నేరుగా 150కి దిగితే వేగం పన్నెండు శాతం పైగా పెరుగుతుంది, నేలను గుద్దుకునే శక్తి మాత్రం పావువంతు మించి పెరుగుతుంది. తిరిగేటప్పుడు కోల్పోయే ఎత్తు కూడా ఎక్కువే. ఈ ఆటలో చాలా చావులు పారాచూట్ తెరుచుకోక జరిగేవి కావు. చక్కగా తెరుచుకున్న పారాచూట్ కింద, నేలకు దగ్గరలో తప్పు మలుపు తీసుకుని జరిగేవే.

జంపర్లలో ఒక మోటు లెక్క ఉంది: వంద జంపులకు లోడింగ్ ఒకటి, ఆపైన ప్రతి వందకూ 0.1 చొప్పున. అది దాటకూడని హద్దు. చాలామంది దాన్ని చేరాల్సిన టార్గెట్ అనుకుంటున్నారు. పైగా ఆ లెక్క ప్రతి వీకెండూ దూకేవాళ్లకు నప్పుతుంది. అమెరికాలో ఉండే మనవాళ్లకు అది కుదురుతుంది. ఇక్కడి నుంచి చెన్నైలో ఫ్లైట్ ఎక్కి ఏడాదికోసారి పట్టాయా వెళ్లేవాళ్లు, వీలైనప్పుడు హర్యానాలోని నార్నౌల్ వెళ్లొచ్చేవాళ్లు ఎంతమంది! వాళ్ల నూట యాభై జంపులు నాలుగైదేళ్ల మీద పరుచుకుని ఉంటాయి. ప్రతి ట్రిప్పులో మొదటి రెండు మూడు రోజులు చేతులకు పాత అలవాటు గుర్తుచేయడంతోనే సరిపోతుంది. అందుకే లాగ్‌బుక్కులో నేను ముందు చూసేది ఆఖరి పేజీల తేదీలు, ఆ తర్వాతే మొత్తం అంకె.

వీడియోలో నాకు కావలసింది పాదాలు ఆనే క్షణం ఒక్కటే కాదు, దానికి ముందు అర నిమిషం. గాలి పక్క నుంచి కొడుతున్నప్పుడు ఎలా దిగారు, గాలే లేనప్పుడు పరుగు తీసి నిలబడగలిగారా, కింద ఎవరైనా అడ్డొస్తే బ్రేకుల్లోనే ఉండి (బ్రేకు లైన్లు కిందికి లాగి పట్టి, వేగం తగ్గించి) బల్లపరుపుగా తిరగగలిగారా చూస్తాను. ఇంకోటి, చాలామంది తమకు తెలియకుండానే చేసేది. నేల దగ్గరపడగానే ఒక పక్కకు ఒరుగుతున్నట్టు అనిపించి, పడితే ఆనుకోవడానికి ఆ పక్క చెయ్యి కిందికి చాపుతారు. ఆ చేతిలోనే టాగుల్, అంటే బ్రేకు లైను లాగే పిడి ఉంటుంది. చెయ్యి దిగిన వైపే పారాచూట్ ఇంకా తిరుగుతుంది. 190 మీద ఇది మోకాలికి మట్టి అంటుకోవడంతో సరిపోతుంది, 150 మీద అయితే చీలమండ విరగడంతో మొదలవుతుంది. ఆ చెయ్యి చాపే అలవాటు పోయేదాకా మా దగ్గర చిన్నది దొరకదు.

"నాది సరిగ్గా ఫ్లేర్ అవదన్నా, చిన్నదైతే బాగా అవుతుందంట" అనే మాటకు వేరే జవాబుంది. (ఫ్లేర్ అంటే పాదాలు ఆనే ముందు రెండు బ్రేకులూ లాగి వేగం తగ్గించడం.) ముందు మీ పారాచూట్ మా బల్ల మీదకు పంపండి. స్పెక్ట్రా అనే దారంతో చేసిన లైన్లు స్లయిడర్ (పారాచూట్ తెరుచుకునేటప్పుడు లైన్ల మీదుగా జారే గుడ్డ ముక్క) రాపిడి వేడికి కుంచించుకుపోతాయి, అన్నిటికంటే ఎక్కువ కుంచించుకునేవి బ్రేకు లైన్లు. కొన్ని వందల జంపులయ్యాక టేపు పెడితే అంగుళాల తేడా కనిపిస్తుంది. చేతులు పూర్తిగా పైకి వదిలినా పారాచూట్ కొంచెం బ్రేకు వేసుకునే ఎగురుతుంటుంది, ఆ ఉన్న వేగంతో ఫ్లేర్ ఏం వస్తుంది? లైన్ల సెట్టు మారిస్తే అదే 190 కొత్తదానిలా దిగుతుంది. ఖర్చు కొత్త మెయిన్‌లో చిన్న భాగం.

కంటైనర్ (రెండు పారాచూట్లూ పెట్టుకుని వీపుకు తగిలించుకునే బ్యాగు) దగ్గర ఇంకో తిరకాసు. పిల్లలు ఎదుగుతారని స్కూలు యూనిఫారం వదులుగా కుట్టిస్తాం కదా, కొందరు కంటైనర్‌ను దానికి తిరగేసి ఆర్డర్ ఇస్తున్నారు: ఎప్పుడో 150కి వెళ్తాం కదా, ఇప్పుడే ఆ కొలతకు కుట్టించేద్దామని. బ్యాగు వచ్చాక అందులో 190 పట్టదు. ఇక బ్యాగు కోసం పారాచూట్ తగ్గించాలి! దాంతోపాటు రిజర్వ్ కూడా తగ్గుతుంది, దాన్ని ఎవరూ ఆలోచించరు. రిజర్వ్ వాడాల్సి వచ్చే రోజు మంచి రోజు కాదు. భుజం పట్టేసి ఉండొచ్చు, దిగేది ఎవరి పొలంలోనో కావచ్చు. ఆ రోజుకు పెద్ద గుడ్డే కావాలి.

తేలికగా ఉండే అమ్మాయిలకు ఒక మాట. 135 మీద లోడింగ్ ఒకటే కదా, 240 మీద దిగే ఆయనకూ ఒకటే కదా అనుకోవద్దు. చిన్న పారాచూట్ లైన్లు పొట్టిగా ఉంటాయి, అంకె ఒకటే అయినా చెయ్యి కదిపిన వెంటనే గిర్రున తిరుగుతుంది. మీ విషయంలో మేం ఇంకా నెమ్మదిగా వెళ్తాం.

ఎండ లెక్క కూడా ఉంది. 45 డిగ్రీల్లో గాలి, 15 డిగ్రీల గాలి కంటే దాదాపు పదోవంతు పల్చగా ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నం మీ 190 దాదాపు 170లా దిగుతుంది. దీనికి తోడు పండగ సెలవుల్లో చేపల పులుసుతో ఆరు కేజీలు పెరిగి ఉంటే, పైసా ఖర్చు లేకుండా డౌన్‌సైజ్ అయినట్టే.

అసలు తగ్గించొద్దని నేననడం లేదు. పెద్దది గాలి గట్టిగా ఉన్న రోజు వెనక్కి కొట్టుకుపోతుంది, అది నిజమే. (ఆ రోజు కింద కూర్చుని టీ తాగినా నష్టం లేదు.) నాకు పంపిన వీడియోల్లో ఏ గాలిలోనైనా అనుకున్న చోటే దిగుతూ, పని అవలీలగా అయిపోతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆర్డర్ వెంటనే వేస్తున్నాం.

డెమోకి ఒక 170, ఒక 150 షాపులో పెట్టాం. డిపాజిట్ కట్టి ట్రిప్పుకు తీసుకెళ్లొచ్చు, కంటైనర్‌కు సరిపోతుందో లేదో ముందు మేం చూస్తాం. మొదటి జంపు ఒంటరిగా చేసి, ఎత్తులో తెరిచి, బ్రేకులు, మలుపులు, ఫ్లేరు పైనే పరీక్షించుకోండి. అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌కు కొత్త సైజని చెప్పడం మర్చిపోవద్దు.

ఇప్పటికే రెండు సైజులు తగ్గించి అడ్వాన్స్ కట్టినవాళ్లు ఒక సైజుకు మార్చుకోవచ్చు, లేదా డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పండి, సప్లయర్‌కు ఆర్డర్ పంపాలి.