విశ్వవిద్యాలయాల రాబడినీ లెక్కగట్టాలి

సంపాదకులకు నమస్కారం.

బడ్జెట్ సమయం వచ్చినప్పుడల్లా విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా ఒక్కమొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పింఛన్లకు చాలడం లేదన్న చర్చ సాగుతుంది గానీ, అవి రాష్ట్రానికి తిరిగి ఇస్తున్నదెంత అన్న ప్రశ్న తలెత్తదు. అమెరికాలో 10 ప్రాంగణాలున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, తన వల్ల ఆ రాష్ట్రంలో ఏటా 8,200 కోట్ల డాలర్ల విలువైన ఆర్థిక కార్యకలాపం జరుగుతోందని 2021లో నివేదిక వెలువరించింది. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకూ అటువంటి లెక్క కావాలి. ఆ పని తిరుపతి నుంచే మొదలుపెట్టవచ్చు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఇక్కడ వెలసింది. అనంతపురంలో అది నెలకొల్పిన పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంగా, కడప కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా మారాయి. తిరుపతిలోనే 1983లో మహిళా విశ్వవిద్యాలయం, తర్వాత పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. బాలాజీ కాలనీ పరిసరాల్లోని హాస్టళ్లు, మెస్‌లు, జిరాక్సు దుకాణాలు, పుస్తకాల అంగళ్లు చాలావరకు విద్యార్థుల మీదే బతుకుతున్నాయి.

అయితే ఈ ఖర్చును మాత్రమే కూడి పెద్ద అంకె చూపితే అది సరైన లెక్క కాదు. యాత్రికుల వల్ల జరిగే వ్యాపారాన్ని విశ్వవిద్యాలయాల ఖాతాలో వేయకూడదు. ఇక్కడ చదవకపోతే మరో ఊళ్లో ఎలాగూ ఖర్చుపెట్టే విద్యార్థి సొమ్మును రాష్ట్రానికి కొత్తగా చేరిన ఆదాయంగా చూపకూడదు. అసలు విలువ పరిశోధనలో, చదువు ముగించి వెళ్లినవారి సంపాదనలో ఉంటుంది. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన తిరుపతి పరిశోధనా స్థానం నారాయణి, ధరణి వేరుశనగ రకాలను రూపొందించింది. వానల మీదే ఆధారపడిన మన మెట్టపొలాల్లో, బెట్టను తట్టుకునే విత్తనం వల్ల ఎకరాకు ఒక్క బస్తా అదనంగా చేతికొచ్చినా, ఆ రైతుకు అది అప్పు తీరే పంట. పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పలమనేరు పశు పరిశోధనా కేంద్రం పుంగనూరు ఆవు జాతిని కాపాడటానికి చేసిన కృషీ ఈ పద్దులోదే. కుటుంబంలో మొదటిసారి డిగ్రీ చేతపట్టిన కుప్పం, సత్యవేడు, మదనపల్లె ప్రాంతాల పిల్లలు ఉపాధ్యాయులుగా, బ్యాంకు ఉద్యోగులుగా, అధికారులుగా దశాబ్దాల పాటు సంపాదించి, పన్నులు కట్టి, తమ పిల్లలను ఇంకా పైచదువులకు పంపిన వైనాన్ని ఏ బడ్జెట్ పుస్తకమూ చూపదు.

ఈ లెక్క లేకనే, అధ్యాపకుల ఖాళీలను ఏళ్ల తరబడి భర్తీ చేయకపోవడం పొదుపుగా కనబడుతోంది. ఆచార్యుడు లేని విభాగంలో పరిశోధన ఆగుతుంది, ప్రాజెక్టులు రావు, స్తోమత ఉన్న విద్యార్థి చెన్నైకో బెంగళూరుకో వెళ్లిపోతాడు. ఆ నష్టం ఖర్చు పద్దులో ఎక్కడా నమోదు కాదు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఈ అధ్యయనాన్ని చేపట్టి, అర్థశాస్త్ర, గణాంక శాస్త్ర విభాగాలకు అప్పగించాలని, లెక్కించిన పద్ధతితో సహా నివేదికను వచ్చే బడ్జెట్ సమావేశాల లోపు శాసనసభ ముందుంచాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి