కొత్త పౌడర్ ఎంతో బిల్లు మీద రాయాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కాలేజీల్లో త్రీడీ ప్రింటింగ్ (కంప్యూటర్ డ్రాయింగును బట్టి వస్తువును పొరలు పొరలుగా తయారుచేసే పద్ధతి) ల్యాబులు పెడుతున్నారన్న వార్తలు చదివినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. అయితే అన్నిటిలోనూ మిషన్ గొప్పదనమే ఉంటుంది. అందులో పోసే పౌడర్ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. నాకు దెబ్బ తగిలింది ఆ పౌడర్ దగ్గరే.

నేను ఆదోనిలో జిన్నింగ్ మిల్లులకు స్పేర్ పార్టులు చేసిస్తుంటాను. పాత మిషన్లకు కంపెనీ పార్టులు దొరకవు. నాలుగు ముక్కల కోసం అచ్చు చేయించే ఖర్చు ఎవరూ పెట్టరు. అందుకే సెన్సార్ బ్రాకెట్లు, డస్ట్ క్యాపులు నైలాన్ పౌడర్‌ను లేజర్‌తో కరిగించి చేసే త్రీడీ ప్రింటింగ్‌లో చేయించి తెప్పిస్తున్నాను. మొదట వచ్చినవి గట్టిగా, నీటుగా ఉన్నాయి. ఈ సీజన్‌లో అదే డ్రాయింగుతో, అదే చోటు నుంచి వచ్చినవి గుంటలు పడి, కాస్త పసుపు తిరిగి ఉన్నాయి. బోల్టు బిగిస్తుంటేనే బ్రాకెట్ల చెవులు విరిగాయి. పత్తి సీజన్‌లో మిల్లు ఆగితే యజమానికీ, కూలీలకూ, గేటు బయట ట్రాక్టరుతో నిలబడ్డ రైతుకూ టెన్షనే. ఫోన్ చేస్తే "పౌడర్ పాతదయిందిలే అన్నా" అన్నారు, అంతే.

ఈ పద్ధతిలో నైలాన్ 12 అనే రకం పౌడర్‌ను సుమారు 0.1 మిల్లీమీటరు మందాన పొరలు పొరలుగా పరుస్తారు. పరిచినదంతా కరగడానికి కాస్త తక్కువగా, 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. లేజర్ తగిలినచోటే కరిగి అతుక్కుంటుంది, మిగతాది పొడిగానే మిగులుతుంది. కంటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది. కానీ ఆ వేడికి నైలాన్ అణువుల కొసలు ఒకదానితో ఒకటి కలిసి గొలుసులు పొడవవుతాయి. మళ్లీ కరిగించినప్పుడు ముదురు పాకంలా చిక్కగా ఉండి, రేణువులు ఒకదాంట్లో ఒకటి సరిగ్గా కలవవు. గుంటలు వచ్చేది అందుకే. ఆక్సిజన్ తగలకుండా లోపల నైట్రోజన్ నింపుతారు. అది సరిగ్గా లేకపోతే పౌడర్ పసుపెక్కుతుంది. పైగా పని అయ్యాక చల్లారడానికీ గంటలు పడుతుంది కాబట్టి, నడిమధ్యలో ఉన్న పౌడర్ అంచుల్లోదానికన్నా ఎక్కువ పాడవుతుంది.

మిగిలినది పారేయమని నేను అనడం లేదు. అది ఖరీదైన సరుకు, మట్టిలో కలిసిపోయేదీ కాదు. 30 నుంచి 50 శాతం కొత్తది కలిపి వాడుకోవడం ఈ పనిలో మామూలే. ఆ లెక్క కొనేవాడికి చెప్పకపోవడమే అన్యాయం. కరిగించిన ప్లాస్టిక్ సన్నటి రంధ్రం నుంచి 10 నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారుతుందో చూసే మెల్ట్ ఫ్లో టెస్టు ఉంది. ఈ నైలాన్ ముదిరేకొద్దీ తక్కువ కారుతుంది. కొత్త పౌడర్ శాతం, ఈ టెస్టు రీడింగు రెండూ బిల్లు మీద ఉండాలి. కాలేజీలు టెండర్ పిలిచేటప్పుడు మిషన్‌తోపాటు ఈ టెస్టు పరికరం, జల్లెడ, పౌడర్ కలిపే యంత్రం కూడా అడగాలి. పిల్లలకు డిజైన్ ఒక్కటే కాక పౌడర్ రిజిస్టర్ రాయడం కూడా నేర్పాలి.

ఇదే పద్ధతిలో కాళ్లకు కట్టే సపోర్టులు కూడా తయారవుతున్నాయి. నా బ్రాకెట్ విరిగితే మిల్లు ఆగింది. కాలి సపోర్టు విరిగితే మనిషే పడతాడు. ఇకముందు ఇలాంటి ల్యాబుల గురించి వార్త రాసేటప్పుడు పౌడర్ సంగతి కూడా అడిగి రాయమని మీ విలేకరులను కోరుతున్నాను.

– ఒక స్పేర్ పార్టుల తయారీదారు, ఆదోని, కర్నూలు జిల్లా