ఆరోగ్యశాఖ మంత్రి గారూ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో డయాలసిస్ ఇంటికి వచ్చేదెప్పుడు?

మంత్రి గారికి నమస్కారం.

కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం, ఎమ్మెల్యే గారికి ఇచ్చాం, మీ పేషీకి పోస్టులో పంపాం. రసీదులున్నాయి, జవాబు మాత్రం లేదు. అందుకే ఇలా నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

డయాలసిస్ రోగులకి నెలకి పదివేల పెన్షన్ ఇస్తున్నారు, కాదనను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు, అదీ కాదనను. కానీ మా నాన్న వారానికి మూడుసార్లు తెల్లారకముందే ఆటో ఎక్కాలి, నాలుగు గంటలు మిషన్ మీద ఉండాలి, దిగేసరికి బీపీ పడిపోయి సీట్లోనే ఒరిగిపోతాడు, గతుకులకి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చే రక్తనాళం) ఉన్న చెయ్యి ఎక్కడ తగులుతుందోనని అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరొచ్చేదాకా రెండు చేతులతో పట్టుకుంటుంది. ఆ రోజు అమ్మకి జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి పోయినట్టే. డయాలసిస్‌కి నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు చెడిపోతే ‘రేపు రండి’ అంటారు. ఆ రేపటిదాకా ఆయాసంతో పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చునే మనిషిని మీరొకసారి చూడాలి సార్. నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి దాహమేస్తే చిన్న ఐస్ ముక్క, అంతే.

మిషన్ ఇంటికి రాకపోవడానికి పెద్ద అడ్డంకి నీళ్లు. నిమిషానికి అర లీటరు చొప్పున ఒక్కసారికి దాదాపు 120 లీటర్ల డయాలసిస్ ద్రవం కావాలి. వాడిన ద్రవాన్నే శుభ్రం చేసి మళ్లీ తిప్పగలిగితే కొద్ది లీటర్లతో పని జరిగిపోతుంది, మిషన్ కూడా చిన్నదవుతుంది. చిక్కంతా రక్తంలో పేరుకునే యూరియా అనే వ్యర్థంతోనే. క్రియాటినిన్ అనే మరో వ్యర్థాన్ని పట్టే బొగ్గు ఫిల్టరు యూరియాని సరిగా పట్టదు. అందుకని యూరియాని కాంతి, కరెంటు సాయంతో నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులుగా విడగొట్టాలని అమెరికాలో, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు పనిచేస్తున్నారు. ద్రవంలో ఉండే ఉప్పు వల్ల క్లోరిన్ కూడా పుట్టొచ్చు, అది రక్తంలో కలిస్తే ప్రమాదం, కాబట్టి రేపే తెచ్చివ్వమని నేను అడగడం లేదు.

అడిగేది ఒకటే. ఇంతమంది కిడ్నీ రోగులున్న చోట రీసెర్చ్ సెంటర్ అని బోర్డు పెట్టారు కదా, ఆ రీసెర్చ్ ఇక్కడెందుకు చేయరు? విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, తిరుపతిలో ఐఐటీ ఉంది, వాళ్లని పిలిచి కూర్చోబెట్టండి, డబ్బు కేటాయించండి. అది తయారయ్యేదాకా, పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ కూడా కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో ఉంది కదా, దాని సంగతి మాకు ఒక్కరూ చెప్పలేదేం? మా నాన్నకి అది పనికొస్తుందో లేదో డాక్టర్‌తో చూపించండి. పనికొస్తే ఆ ద్రవం సంచులు ఊరికి పంపండి, పనికిరాకపోతే ఆ మాటైనా కాగితం మీద రాసివ్వండి. ఈసారి మాత్రం రసీదు వద్దు సార్, జవాబు ఇవ్వండి.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక డయాలసిస్ రోగి కొడుకు