ఆదివారం కొట్టు మూసిన ఇడ్లీ అక్కకు

రాత్రి పదకొండున్నర అయింది. కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. రేపు ఉదయం ఏడింటికి డ్యూటీ. పడుకుని లేచి రాస్తే వరస తప్పకుండా, మర్యాదగా రాయగలనేమో. కానీ తెల్లవారితే ఇందులో సగం మాటలు రాయడానికి సిగ్గుపడతాను. అందుకే ఇప్పుడే.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జనవరి 10 మన దేశంలో డైటెటిక్స్ డే. ఏటా ఆ రోజు మాకు మేమే కేకు కోసుకుని (డైటీషియన్లమై ఉండి కేకు!) ఫొటో దిగి ఊరుకుంటాం. ఈసారి చెన్నైలో ఉన్న తెలుగు డైటీషియన్లం కొందరం కేకు మానేసి, మింగడం కష్టమైన రోగులకు ఇంట్లో వండిపెట్టేవాళ్ల కోసం ఒక పూట శిక్షణ పెట్టుకున్నాం. పక్షవాతం వచ్చినవాళ్లు, గొంతుకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు. వీళ్లకు ఏమి పెట్టాలన్నది అందరూ చెబుతారు. ఎంత చిక్కగా పెట్టాలి, ఎంత మెత్తగా పెట్టాలి అన్నది చేసి చూపిస్తే తప్ప తెలియదు. శనివారం మాలో ఎవరికీ సెలవు దొరకదు కాబట్టి ఆదివారం ఉదయం అనుకున్నాం. పెరంబూరులో ఒక చిన్న హాలు. అరవై మంది వస్తారనుకుంటే తొంభై నలుగురు వచ్చారు.

వచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఇక అసలు సంగతికి వస్తాను.

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను. నమూనా వంటకాలన్నీ తమ వంటశాలలో చేసి పంపుతామని నెల రోజులుగా చెబుతూ వచ్చిన ఒక ఆస్పత్రివాళ్లు, పైనుంచి అనుమతి రాలేదు మేడమ్ అన్నారు. ఎందుకు రాలేదని గుచ్చి అడిగితే, మా బ్యానరు మీద వాళ్ల గుర్తు వేయలేదట. పేరు రాయను. నోటిదాకా వచ్చింది గానీ రాయను. పన్నెండు గంటల్లో పద్నాలుగు వంటకాలు కావాలి. మా ఇంట్లో ఉన్నది ముప్పావు లీటరు మిక్సీ.

తొమ్మిదింటికి హాలు తాళంచెవి చేతిలో పట్టుకుని వీధిలో నిలబడ్డాను. ఎదురుగా ఒక టిఫిన్ కొట్టు, లోపల నాలుగు బల్లలు. ఒక పెద్దావిడ కొట్టు కట్టేస్తూ గ్రైండరు రాయి కడుగుతున్నారు. నేను తమిళంలో మొదలుపెట్టాను. నా తమిళం రెండు ముక్కలు వినగానే "తెలుగేనా, చెప్పమ్మా" అన్నారు. తాతల కాలంలో నెల్లూరు వైపునుంచి వచ్చారట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం.

"అక్కా, రేపు ఉదయానికి అన్నం, పప్పు, కూరలు మెత్తగా రుబ్బి ఇవ్వగలరా? ఎంతైతే అంత ఇస్తాను" అన్నాను. ఎంత ఇస్తావని అడగలేదు. ఎంతమందికి అని కూడా అడగలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, "మింగలేనివాళ్లకా?" అన్నారు.

ఆదివారం ఉదయం టిఫిన్ కొట్టుకు వారం మొత్తంలో పెద్ద బేరం. అది మానుకుని, రుబ్బిపెట్టుకున్న పిండిని పక్క వీధి కొట్టుకు పంపేసి, "మూడున్నరకు రా" అన్నారు.

మూడున్నరకు వెళ్లేసరికి పప్పు ఉడుకుతోంది. ధనుర్మాసం కదా, కాసేపటికి గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. ఆవిడ మధ్యలో బయటికి వెళ్లి గడపముందు ముగ్గు వేసి వచ్చారు. వ్యాపారం లేని రోజున కూడా ముగ్గు మానలేదు.

మా కొలతల సంగతి కొంచెం చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. మింగడం కష్టమైనవాళ్ల ఆహారానికి ఐడీడీఎస్ఐ అని అంతర్జాతీయ కొలమానం ఒకటి ఉంది. మంచినీళ్లు సున్నా, మామూలు భోజనం ఏడు, మధ్యలో మిగతా మెట్లు. గంజి, జావ లాంటివి ఏ మెట్టులో ఉన్నాయో చూడటానికి యంత్రాలేమీ అక్కర్లేదు, పది మిల్లీలీటర్ల సిరంజి చాలు. లోపలి కడ్డీ తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి, పది గీత దాకా పోసి, వేలు తీసి పది సెకన్లు కారనివ్వాలి. ఒకటికీ నాలుగు మిల్లీలీటర్లకూ మధ్య మిగిలితే ఒకటో మెట్టు. నాలుగుకూ ఎనిమిదికీ మధ్య మిగిలితే రెండు. ఎనిమిది దాటితే మూడు. అసలు జారకపోతే నాలుగు.

పొయ్యి మీద రాగి జావ అలా పోసి చూశాను. ఆరు మిగిలింది. రెండో మెట్టు అని కాగితం మీద రాసుకున్నాను. ఆవిడ గరిటెతో జావ ఎత్తి పోస్తూ నా వైపు చూడకుండానే అన్నారు: "ఇప్పుడు చూస్తే ఏమి లాభం? నువ్వు గిన్నెలో పోసి, మనిషిని లేపి, దిండు సర్ది, తువ్వాలు కట్టి, చెంచా మూతి దగ్గరికి తీసుకెళ్లేసరికి ఇది గట్టిపడదూ?" పావుగంట ఆగి మళ్లీ పోశాను. తొమ్మిది మిగిలింది. మూడో మెట్టు.

తినే వేడిలోనే పరీక్షించాలన్నది మా పాఠంలో ఉన్న మాటే. హాలులో చూపించడానికి నేను తయారు చేసుకున్న పేజీల్లో నాలుగోది అదే. రాసింది నేనే, మరిచిందీ నేనే. దిండు సర్దడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడకు ఎలా తెలుసని అప్పుడే అనుమానం రావలసింది. పని తొందరలో రాలేదు.

ఇంకొకటి. ఆవాలు, కరివేపాకు గొంతుకు అడ్డం పడతాయని, మేము తాలింపు వద్దని రాసుకున్నాం. ఆవిడ ఒప్పుకోలేదు. నేతిలో తాలింపు వేసి, పచ్చివాసన పోయి ఘుమఘుమలాడాక దాన్ని టీ వడపోతలో వడకట్టి, ఆ నెయ్యి మాత్రం జల్లించిన పప్పులో కలిపారు. "గొంతు పోతే ముక్కు కూడా పోతుందా?" అన్నారు. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదు.

ఆరూ ముప్పావుకు అంతా డబ్బాలకెక్కింది. నేను లేచి వెళ్లబోతే ఆవిడ బల్లమీద ఆకు వేసి వేడివేడి పొంగలి వడ్డించారు. "నిన్న మధ్యాహ్నం నుంచి నీ కడుపులో ఏమైనా పడిందా?" పడలేదు. పూటపూటా ఇంత తినండి, వేళ తప్పకండి అని ఊరందరికీ కొలిచి చెప్పే మనిషిని, పద్దెనిమిది గంటలుగా కాఫీ మీద ఉన్నాను. టైము లేదక్కా అంటే వినలేదు. గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డారు, నేను తినేదాకా కదలనన్నట్టు. అలా ఎదురుగా నిలబడి నాకు అన్నం పెట్టి చాలా ఏళ్లయింది. మా అమ్మ పోయాక ఎవరూ పెట్టలేదు. రెండో ముద్దకే గొంతు పూడుకుపోయి పొలమారింది. మిరియం తగిలిందన్నాను. ఆవిడ నా నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారులే" అన్నారు.

తట్టిన చెయ్యి అక్కడే ఉంచి, కాసేపాగి, "ఆయనకు పొలమారేది కూడా కాదు" అన్నారు.

భర్త. వెల్డరుగా పనిచేసేవారట. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో పది రోజులుండి ఇంటికి వచ్చారు. డిశ్చార్జి కాగితంలో ఆహారం అన్నచోట రెండే మాటలు: సాఫ్ట్ డైట్. మెత్తగా ఉండేది ఇడ్లీ కంటే ఏముంది, పైగా ఇల్లే ఇడ్లీ కొట్టు. పాలలో నానబెట్టి పెట్టేవారు. దగ్గు లేదు, పొలమారడం లేదు, బాగానే మింగుతున్నాడని సంబరపడ్డారు. నెలలోపు మూడుసార్లు నెమ్ము చేసింది. మూడోసారి తిరిగి రాలేదు.

మా వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: పక్షవాతంలో గొంతులో స్పర్శ తగ్గిపోతే, తిన్నది పక్కదారి పట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా దగ్గు రాకపోవచ్చు. దగ్గు లేదంటే క్షేమమని కాదు. ఇంట్లో ఎవరైనా ఉంటే భోజనం తర్వాత గొంతు తడితడిగా, గరగరగా మారుతోందా, ఊరికే జ్వరాలు వస్తున్నాయా చూసుకోండి. అనుమానముంటే మింగే పరీక్ష చేయించమని పట్టుబట్టి అడగండి.

ఆవిడ ఎవరినీ తిట్టలేదు. "ఆ సిరంజి అప్పుడు ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది" అని, ఆకులో ఇంకో గరిటె పొంగలి వేశారు.

నేను ఎన్ని వందల కాగితాల మీద సాఫ్ట్ డైట్ అని రాశానో నాకే లెక్క లేదు. ఆయన కాగితం రాసింది నేను కాదు. కానీ రాసినవాళ్లు నాలాంటివాళ్లే. అది ఆవిడతో చెప్పాలని నోరు తెరిచాను, చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

ఎందుకు అలా రాస్తామో కూడా చెప్పనివ్వండి. ఇది సాకు అనుకున్నా సరే. నేను పనిచేసేచోట నూట ఎనభై పడకలకు ఇద్దరం. ఒకరికి సెలవైతే ఒక్కరం. కంప్యూటర్‌లో ఆహారం అన్న గడి నొక్కితే నాలుగే వస్తాయి: నార్మల్, సాఫ్ట్, లిక్విడ్, డయాబెటిక్. అయిదోది చేర్చమని రెండేళ్లలో ఏడుసార్లు రాశాను. ఆ నాలుగింటిలో ఒకటి నొక్కకపోతే డిశ్చార్జి ముందుకు కదలదు. కింద బిల్లు కౌంటరు దగ్గర ఆటో పిలిపించుకుని ఎదురుచూసే కుటుంబానికి రెండు నిమిషాల్లో ఏమి చెబుతాం? 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసింది, అందులో డైటీషియన్ల పేరూ ఉంది, మేమందరం మిఠాయిలు పంచుకున్నాం. నా చేతికి మాత్రం ఇంతవరకు ఏ రిజిస్టరు నంబరూ రాలేదు. ఈలోపు మా వీధిలోనే ఒకాయన పొడి డబ్బాలు అమ్ముకుంటూ బోర్డు మీద డైటీషియన్ అని రాసుకున్నాడు. సరే, వేడినీళ్లు చల్లారిపోయాయి, ఈ గోల ఇక్కడితో ఆపుతాను.

శిక్షణ బాగా జరిగింది. అందరూ ఎక్కువగా అడిగింది చారన్నం గురించి. అన్నం మెత్తగానే ఉంది కదా, ఎందుకు వద్దంటారు అని. చారు, మెతుకు ఒకేసారి నోట్లోకి వెళితే మెతుకు నమిలేలోపే చారు జారిపోతుంది, అక్కడే ప్రమాదం. రెండూ కలిపి రుబ్బి, జల్లించి, ఒకే తీరుగా చేసి చూపించాం. ఒక పెద్దాయన అది చెంచాతో రుచి చూసి "చారే!" అన్నారు, హాలంతా నవ్వింది. గంజితో చిక్కబరచినవి నోట్లో లాలాజలం తగిలి మళ్లీ పలచబడతాయని మా సీనియర్ ఒకరు చెబుతుంటే, గుమ్మం దగ్గర నిలబడిన ఇడ్లీ అక్క తల ఊపుతున్నారు.

డబ్బు ఇవ్వబోతే నాలుగు అయిదువందల నోట్లలోంచి నూట నలభై తిరిగి ఇచ్చారు. పప్పు, బియ్యం, పాలు, నెయ్యి, గ్యాసు, అంతే లెక్క కట్టారు. పేరు రాస్తానంటే వద్దన్నారు. "పేరు రాస్తే పనిగట్టుకుని వచ్చి ఇడ్లీ బాగాలేదంటారు." కాబట్టి పేరు లేదు. ఇడ్లీ చాలా బాగుంటుంది.

మావారు, పిల్లలు, మా అత్తగారు ఎలాగూ ఉన్నారు. ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలు రాస్తే నవ్వుతారు. వేడినీళ్లు పెట్టింది అత్తగారే.

అయ్యో, మందుల కొట్టు అబ్బాయిని మరిచేపోయాను. ఆ జావ పరీక్షకు ఏ సిరంజి పడితే అది పనికిరాదు, సున్నా గీతనుంచి పది గీతకు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. నేను మా పిల్లవాడి స్కేలు తీసుకెళ్లి ఒక్కో రకం విప్పి కొలుస్తుంటే ఆ అబ్బాయి విసుక్కోలేదు. విప్పినవాటికి డబ్బు కూడా తీసుకోలేదు.

హాలు వాచ్‌మన్ గారికి, నాలుగింటికే గేటు తీసినందుకు. మైకు పనిచేయనప్పుడు కార్డ్‌లెస్ మైకు తెచ్చిచ్చిన ఎదురింటి ట్యూషన్ మాస్టారికి. తమిళంలోకి అనువదించిన మా జూనియర్లిద్దరికీ. అన్నట్టు వాళ్లిద్దరూ ఈసారి ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష పాసయ్యారు, శుభాకాంక్షలు కూడా ఇందులోనే. డబ్బాలన్నీ ఒకే విడతలో ఎక్కించుకుని, మూతలు జారకుండా ఒక చేత్తో పట్టుకుని నడిపిన ఆటో ఆయనకు. ఆయన నంబరు తీసుకోలేదు, నాదే తప్పు.

హాలులో ఒక కళ్లజోడు, నీలం మూత నీళ్ల సీసా, ఒక పిల్లల చెప్పు (ఒకటే) మిగిలాయి. నా దగ్గర ఉన్నాయి.

ఇప్పుడే సంచి సర్దుతుంటే అడుగున అక్క జల్లెడ కనిపించింది. జావ ఎండి పట్టేసింది. రాత్రికి నానబెట్టాను. రేపు డ్యూటీ దిగగానే పెరంబూరు వెళ్లి ఇచ్చి రావాలి. సాయంత్రం పిండి జల్లించుకోవడానికి వెతుక్కుంటారు.