శిబిరం ముగిశాక మూడో రోజు ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో దంతవైద్యురాలిని. బీడీఎస్ పూర్తి చేసిన పిల్లలు ఈ మధ్య తరచూ ఒకే సలహా కోసం నా దగ్గరకు వస్తున్నారు. టాంజానియాకో, నేపాల్‌కో, కంబోడియాకో వెళ్లి కొన్ని వారాలు ఉచితంగా పళ్ల వైద్యం చేయాలనుకుంటున్నాం, వెళ్లమంటారా అని అడుగుతున్నారు. విమాన ఖర్చులు సొంతంగా పెట్టుకొని, కొన్ని సంస్థలకైతే ఎదురు డబ్బు కట్టి మరీ వెళ్తున్నారు. వాళ్ల మంచి మనసును నేను శంకించను. నేనూ అలా వెళ్లి వచ్చినదాన్నే. అయితే బయలుదేరే ముందు ఆ సంస్థను ఒక ప్రశ్న అడగమంటున్నాను: మేము పన్ను తీసిన మనిషికి మూడో రోజు నొప్పి వస్తే ఎవరు చూస్తారు? ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ గూడేల్లో శిబిరాలు పెట్టేవారు కూడా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

మూడో రోజు అని ఊరికే అనడం లేదు. పన్ను తీసిన గుంటలో నెత్తురు గడ్డకట్టి ఎముకను కప్పుతుంది. పుండు మానేది ఆ గడ్డ చాటునే. గట్టిగా పుక్కిలించినా, పొగ తాగినా అది ఊడిపోయి ఎముక బయటపడవచ్చు. అప్పుడు వచ్చే నొప్పి రెండు మూడు రోజులకు మొదలై చెవి దాకా లాగుతుంది, మామూలు మాత్రలకు లొంగదు. దానికి చేయాల్సింది పెద్ద వైద్యమేమీ కాదు. గుంటను సెలైన్‌తో కడిగి మందు పెట్టాలి, అవసరమైతే మళ్లీ పిలిచి పెట్టాలి. కానీ ఆ పని తెలిసిన మనిషి అందుబాటులో ఉండాలి కదా. వచ్చిన బృందం అప్పటికి విమానం ఎక్కేసి ఉంటుంది.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు ప్రాంతంలో నేను పనిచేసిన ఆరోగ్య కేంద్రానికి ఒక తల్లి వచ్చింది. కింది దవడ ఎడమ వైపు వాచిపోయి, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. అంతకు ముందు వచ్చి వెళ్లిన ఒక విదేశీ బృందం దవడపన్ను తీస్తూ, వేరు విరిగితే లోపలే వదిలేసింది. ఆమె దగ్గర చీటీ ముక్క లేదు. ఏ మందు ఇచ్చారో, వేరు మిగిలిన సంగతి ఆమెకు చెప్పారో లేదో తెలుసుకునే దారి లేదు. అక్కడ క్లినికల్ ఆఫీసర్లని ఉంటారు. ఎంబీబీఎస్ చదవకపోయినా డిప్లొమాతో పల్లె జనాన్ని చూసేది వాళ్లే. ఆ కేంద్రంలోని ఆఫీసర్ ఆమెకు యాంటీబయాటిక్ ఇస్తూ నెట్టుకొస్తున్నాడు. వేరు తీసే ఎలివేటర్ అనే పరికరం ఆయన దగ్గర లేదు, వాడటం ఎవరూ నేర్పలేదు. వాపు తగ్గాక ఆ వేరును ఆయన చేతే తీయించాం. మొనను వేరుకూ ఎముకకూ మధ్య దూర్చి, మణికట్టును కొద్దిగా తిప్పి, వేరు కదిలేదాకా అలాగే పట్టి ఉంచాలి. తొందరపడి తోస్తే జారి నాలుక కిందికి దిగుతుంది. నేను పక్కన నిలబడి చెప్పాను, ఆయన తీశాడు. ఆ ప్రయాణంలో నేను చేసిన పనులన్నింటిలో నిలిచేది అదేనని నా నమ్మకం.

ఈ దారిలో నడిచినవారు ముందే ఉన్నారు. బ్రిడ్జ్ టు ఎయిడ్ అనే బ్రిటన్ సంస్థ తరఫున టాంజానియా వెళ్లిన దంతవైద్యులు అక్కడి పల్లె ఆరోగ్య సిబ్బందిని పక్కన కూర్చోబెట్టుకొని, నొప్పి పెట్టే పన్నును క్షేమంగా తీయడం, పరికరాలను శుద్ధి చేయడం నేర్పారు. పుచ్చుపన్నును నింపే ఏఆర్‌టీ (అట్రామాటిక్ రెస్టోరేటివ్ ట్రీట్‌మెంట్) అనే పద్ధతి కూడా 1980ల మధ్యలో టాంజానియాలోనే రూపుదిద్దుకుంది. యంత్రం లేకుండా చేతి పరికరాలతో పుచ్చును తొలిచి, గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపి, వాజలిన్ రాసిన వేలితో అదుముతారు. కరెంటు అక్కర్లేదు, చాలా మందికి మత్తు సూది కూడా అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ సిమెంటునూ ఫ్లోరైడ్ టూత్‌పేస్టునూ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అయినా శిబిరాల్లో నింపడం కంటే పీకడమే ఎక్కువ. త్వరగా అయిపోతుంది, సాయంత్రానికి ఇన్ని పళ్లు తీశామని చెప్పుకోవచ్చు. ఈ లెక్కలంటేనే నాకు కోపం. నిలబెట్టగలిగిన శాశ్వత దంతం పోతే పదేళ్ల పిల్లకు మళ్లీ రాదు.

వెళ్లాలనుకునే పిల్లలకు ఇంకో మాట. ఇక్కడ సీనియర్ పక్కన లేకుండా మిమ్మల్ని జ్ఞానదంతం ముట్టనివ్వరు. అక్కడ ముట్టనిస్తామంటే ఒప్పుకోకండి. ఆ దేశంలో వైద్యం చేయడానికి అనుమతి పత్రం ఉందా, పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ పనిచేస్తోందా, రోగులకు సరిపడా పరికరాల సెట్లు ఉన్నాయా అని ముందే రాతపూర్వకంగా అడగండి. శుద్ధి చేయని ఫోర్సెప్స్‌తో (పన్ను పీకే పట్టకారుతో) హెపటైటిస్-బి ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. జవాబు రాకపోతే వెళ్లకండి.

ఇక మన సంగతి. సంక్రాంతి రోజుల్లో సొంతూళ్లకు వచ్చే ప్రవాస తెలుగువారు, నగరాల నుంచి వచ్చే సేవా సంఘాలు ఏటూరునాగారం, తాడ్వాయి వైపు శిబిరాలు పెడితే సంతోషమే. కానీ అక్కడ తంబాకు నమిలే పెద్దవాళ్ల నోళ్లలో నాకు పుచ్చుపళ్ల కంటే భయం కలిగించేవి బుగ్గల లోపలి తెల్ల మచ్చలు. వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. మచ్చ చూసిన వైద్యుడు "వరంగల్ వెళ్లి చూపించుకో" అని చెప్పి తర్వాతి మనిషిని పిలుస్తాడు. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. మిర్చి కోతల కూలి వదులుకొని, బస్సు ఛార్జీలు పెట్టుకొని, ఎంజీఎం ఆసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలియని కోయ అవ్వ ఒంటరిగా ఎలా వస్తుంది? రాదు. నొప్పి లేదు కాబట్టి అసలే రాదు.

జిల్లా వైద్యాధికారులకు నా విజ్ఞప్తి ఇది. ఏ శిబిరానికైనా అనుమతి ఇచ్చేటప్పుడు దాన్ని అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో జోడించండి. ప్రతి రోగి చేతిలో తెలుగులో రాసిన చీటీ ఉండాలి: ఏం చేశారు, ఏ మందు ఇచ్చారు, నొప్పి వస్తే ఎవరికి ఫోను చేయాలి. పెద్దాసుపత్రికి పంపాల్సినవారి జాబితా ఆశా కార్యకర్తకు అందాలి, వాళ్లు వెళ్లారో లేదో వాకబు చేసే బాధ్యత నిర్వాహకులు తీసుకోవాలి. వారం లోపు ఒక దంతవైద్యుడు మళ్లీ ఆ గూడేనికి వెళ్లి రావాలి.

అందుకు మనుషులు ఎక్కడున్నారంటారేమో. హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో వీధి వీధికీ పళ్ల ఆసుపత్రి ఉంది. స్థానిక దంతవైద్యుల సంఘం వంతుల పట్టిక ఒకటి తయారు చేస్తే చాలు. తాడ్వాయి వైపు నెలకు ఒక ఆదివారం నేను వెళ్తాను. నా పేరు అందులో మొదట రాసుకోవచ్చు.

భవదీయురాలు,
ఒక దంతవైద్యురాలు, హనుమకొండ